సూదిబెజ్జం మూసిన ప్యాంటు

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టిన ప్యాంటును రేసు సామాను తనిఖీ చేసే ఆవిడ పైవైపు చూడనే లేదు. చటుక్కున లోపలికి తిరగేసింది. నడుము దగ్గర మొదలుపెట్టి కుట్టు పొడవునా బొటనవేలి గోరుతో గీసుకుంటూ పోయింది. రెండు కాళ్ళూ కలిసే చోట ఆగి, గుడ్డను అటూ ఇటూ సాగదీసి, మళ్ళీ చీలమండ దాకా దిగింది. “ఊఁ” అని నా నంబరు ఎదురుగా టిక్కు పెట్టింది. మొత్తం పది సెకన్ల పని. నా వెనకున్న కుర్రాడి ప్యాంటుకు ఆ ఊఁ రాలేదు. లోపల టేపు లేదు. గాలి ఆపుతుంది గాని వాన ఆపదు. పాపం, అతను ఎవరినైనా అరువడగడానికి కారు పార్కింగు వైపు పరిగెత్తాడు. ఆ రోజు అతని మొదటి పరుగు అదే.

ఆవిడ గోరు కదిలిన తీరు చూస్తే మా నాన్న గుర్తొచ్చాడు. మాది ధర్మవరం. చీర కొనడానికి వచ్చినవాళ్ళు కొంగు చూస్తారు, రంగు చూస్తారు, జరీ మెరుపు చూస్తారు. నేసినవాడు మాత్రం వెనక్కి తిప్పి చూస్తాడు. పేక ఎక్కడ వదులైంది, తెగిన పోగును ఎక్కడ ముడేశారు, అంచు ఎక్కడ లాగింది, అన్నీ వెనకవైపే ఉంటాయి. మగ్గం ఎక్కకుండానే ఇల్లు దాటి, లాంకషైర్‌లో ఉద్యోగం వెలగబెడుతున్న నాకు ఆ వంశం నుంచి మిగిలింది ఈ ఒక్క అలవాటే. ఏ గుడ్డైనా చేతికొస్తే ముందు తిరగేస్తాను.

ఈ బల్ల ఉన్నది ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్‌లో, బారోడేల్ అనే లోయలో. ఉత్తర ఇంగ్లండువాళ్ళు కొండను ఫెల్ అంటారు. వెయ్యేళ్ళ కిందట పడవల మీద వచ్చి స్థిరపడ్డ నార్స్ జనం వదిలిన మాట అది. బాట ఉన్నా లేకపోయినా ఆ కొండలు పరుగున ఎక్కి పరుగున దిగడమే ఫెల్ రన్నింగ్. ఏటా ఆగస్టు మొదటి శనివారం ఇక్కడ జరిగే బారోడేల్ రేసు సుమారు 27 కిలోమీటర్లు. అందులో దాదాపు 2,000 మీటర్లు పైకెక్కాలి. దారిలో ఇంగ్లండులోకెల్లా ఎత్తైన స్కాఫెల్ పైక్ కూడా తగులుతుంది. దాని ఎత్తు 978 మీటర్లే. మన తిరుమల కొండ ఎత్తే ఇంచుమించు. తేడా ఎత్తులో లేదు, పైన పడే వానలో ఉంది.

ఆ లోయ మొదట్లో సీత్‌వైట్ అని నాలుగిళ్ళ పల్లె. ఇంగ్లండులో మనుషులుండే చోట్లలో ఎక్కువ వాన పడేది అక్కడే అంటారు. ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్లు. మా అనంతపురానికి 550 వస్తే మంచి ఏడు. సీత్‌వైట్‌లో 2009 నవంబరులో ఒక్కరోజులో 316.4 మిల్లీమీటర్లు పడింది. బ్రిటన్ మొత్తానికీ రికార్డు అది. ఆ రికార్డును 2015 డిసెంబరు 5న కొట్టేసింది పక్కనే ఉన్న హానిస్టర్ కనుమ, 341.4తో. అనంతపురంలో ఏడాది పొడవునా పడే వానలో సగం కంటే ఎక్కువ అక్కడ ఒక పగలూ ఒక రాత్రీ పడిందన్నమాట. మొదటిసారి ఈ లెక్క చెప్పినప్పుడు నాన్న నమ్మలేదు. “అంత వానొస్తే ఇంట్లో కూసోవాల గానీ కొండ మీద ఉరికేదేందిరా?” అన్నాడు. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

1970లో ఏర్పడ్డ ఫెల్ రన్నర్స్ అసోసియేషన్ మాత్రం వాన సంగతి బాగా ఎరిగిన సంస్థ. పొడవాటి రేసుల్లో ప్రతి పరుగరీ మోసుకెళ్ళవలసిన సామాను జాబితాలో మ్యాపు, దిక్సూచి, ఈల, టోపీ, చేతి తొడుగులు, అత్యవసరానికి తిండి ఉంటాయి. వాటితోపాటు ఒళ్ళంతా కప్పే వాటర్‌ప్రూఫ్ బట్టలు, కుట్లకు టేపు వేసినవి. ఆ “టేపు వేసిన” అన్న రెండు ముక్కల కోసమే బల్ల దగ్గర గోటి పరీక్ష. వెనకటి రోజుల్లో ఇంత పట్టింపు లేదు. 1932లో కెస్విక్ ఊరి అతిథి గృహం యజమాని బాబ్ గ్రాహం 24 గంటల్లోపు 42 శిఖరాలు చుట్టి వచ్చాడు. టెన్నిస్ బూట్లు, పొడుగు నిక్కరు, పైన పైజామా చొక్కా. ఆ చుట్టు ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది. పైజామా మాత్రం ఎవరూ వేసుకోవడం లేదు.

పరిగెత్తేటప్పుడు ఈ ప్యాంటుతో పెద్దగా పనిలేదు. ఎక్కుడులో కాళ్ళు పొయ్యిల్లా కాలుతుంటాయి. వాన పడుతున్నా నిక్కరు మీదే పోతారు ఎక్కువమంది. తడిసిన చర్మం ఊరికే ఆరిపోతుంది, తడిసిన గుడ్డ ఆరదు. ప్యాంటు అవసరం పరుగు ఆగినప్పుడు మొదలవుతుంది. మడమ మెలితిరిగి కుంటుతున్నప్పుడు, మంచులో దారి తప్పి మ్యాపు తిప్పుకుంటున్నప్పుడు, పడిపోయినవాడి పక్కన కూర్చుని సాయం కోసం ఎదురుచూస్తున్నప్పుడు. నీరు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. నిమిషం కిందటి పొయ్యి ఐదు నిమిషాల్లో బూడిద. 2008 అక్టోబరులో ఇదే బారోడేల్‌లో జరిగిన ఒరిజినల్ మౌంటెన్ మారథాన్‌ను వానా గాలీ వరదా కలిసి మధ్యలోనే ఆపేయించాయి. వందలమంది ఆ రాత్రి పాకల్లో, హానిస్టర్ పలకరాతి గని షెడ్లలో తలదాచుకున్నారు. ప్రాణాలు పోలేదు. సంచుల్లో ఉన్నవాటికి అందులో కొంత వాటా ఉందని నా నమ్మకం.

కాబట్టి ఇది తొంభై శాతం కాలం సంచి అడుగున పిడికెడంత ముద్దగా పడి ఉండి, మిగతా పది శాతంలో ప్రాణం నిలబెట్టవలసిన బట్ట. దాని పనితనమంతా ఈ ఇరుకులోంచి పుట్టింది. బరువు ఉండకూడదు, లేకపోతే ఇంట్లో వదిలేస్తారు. చిరగకూడదు. వేళ్ళు మొద్దుబారిపోయినవాడు ఒంటికాలి మీద నిలబడి, బురద బూట్ల మీంచి తొడుక్కోగలగాలి. ఈ మూడూ ఒకదానితో ఒకటి పడవు.

నా దగ్గరున్నదాని బరువు వంటింటి తూకంలో 118 గ్రాములు. ఏ కంపెనీదో చెప్పను. చెప్పినా లాభం లేదు, ఏటా నమూనా మార్చి అదే పేరు తగిలిస్తారు. 100 గ్రాముల లోపువీ దొరుకుతాయి. సాగే గుడ్డతో చేసిన 200 దాటినవీ ఉన్నాయి. తేలికవాటి గుడ్డ 10 నుంచి 20 డెనియర్ నైలాన్. డెనియర్ మాట ధర్మవరంలో ఎవరికీ కొత్త కాదు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. చీరల్లోకి వచ్చే ముడి పట్టు 20/22 డెనియర్ ఉంటుంది. అంటే ఈ కొండప్యాంటు పోగు ముడి పట్టుపోగంత సన్నం. వీడియోకాల్‌లో చూపిస్తే నాన్న తెర దగ్గరికి మొహం పెట్టి, “ఇదేందిరా ఉల్లిపొర మాదిరుంది, ముల్లు తగిలితే?” అన్నాడు. ముల్లు కాదు గాని ముళ్ళకంచె తగిలింది. గొర్రెల దొడ్డి దాటుతుంటే చిటికెనవేలి గోరంత చిరుగు పడింది. పడింది గాని పాకలేదు. అడ్డంగా నిలువుగా కాస్త దూరానికొకటి చొప్పున లావుపోగులు గళ్ళుగా వేసి నేశారు. చిరుగు ఒక గడి దాకా వచ్చి అక్కడ నిలిచిపోయింది.

గుడ్డ లోపలి పొర సంగతి చాలామంది ఇప్పటికే రాశారు కనుక క్లుప్తంగా చెప్తాను. 1969లో అమెరికాలో బాబ్ గోర్ అనే ఇంజనీరు నాన్‌స్టిక్ పెనానికి పూసే పదార్థాన్ని కడ్డీలుగా కాచి సాగదీయబోతే తెగిపోతూ వచ్చాయి. విసుగొచ్చి ఒక కడ్డీని ఒక్క ఊపున లాగాడు. అది తెగకుండా దాదాపు పదింతలు సాగింది, ఒళ్ళంతా కంటికానని రంధ్రాలతో. నీటిబొట్టు దూరలేదు, చెమట ఆవిరి మాత్రం దూరిపోతుంది. గోర్‌టెక్స్ అలా వచ్చింది. పరుగు ప్యాంట్లలో ఎక్కువగా కనిపించేది అది కాదు, పాలీయురథేన్ పొర. దానికి చాలా రకాల్లో రంధ్రాలే ఉండవు. ఆవిరి అణువులు ఆ పొరలోనే ఒకదాని వెనక ఒకటి చొచ్చుకుని బయటపడతాయి. పైన పూసిన నీళ్ళు నిలవని పూత బాగున్నంతకాలం వానబొట్టు తామరాకు మీద బొట్టులా దొర్లిపోతుంది. ఆ పూత అరిగితే పైగుడ్డ నీళ్ళు తాగి బరువెక్కుతుంది. లోపలి పొర కారకపోయినా తొడకు చల్లగా అంటుకుంటుంది. చాలామంది “కారుతోంది” అని తిట్టుకునేది దీన్నే.

అమ్మేవాళ్ళు చీటీ మీద పెద్ద అక్షరాల్లో వేసే 10,000, 20,000 అంకెలు కూడా ఈ పొరవే. 10,000 అంటే గుడ్డ మీద పది మీటర్ల ఎత్తు నీటి స్తంభం నిలబెట్టినంత ఒత్తిడికి గాని తడి ఇవతలికి రాదని. గొప్ప సంగతే. అయితే పరీక్ష చేసేది చదునుగా బిగించిన గుడ్డముక్కను. అందులో కుట్టు ఉండదు. మనిషి వేసుకునే ప్యాంటులో కుట్లు తప్ప ఏముంటాయి?

1823లో గ్లాస్గో రసాయనవేత్త చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూసి అతికించే పద్ధతికి పేటెంటు తీసుకుని మాంచెస్టరులో ఫ్యాక్టరీ పెట్టాడు. గుడ్డ నిజంగానే నీళ్ళు ఆపింది. దర్జీలు దాన్ని కోటుగా కుట్టగానే కారడం మొదలైంది. సూది దిగిన ప్రతి చోటా ఒక బెజ్జం. అంగుళానికి పది కుట్లు వేస్తే ఒక్క కాలి పొడవునా నాలుగొందల బెజ్జాలు. వాన బట్ట చరిత్ర అంటే పొరల చరిత్ర అనుకుంటారు. నా దృష్టిలో అది ఈ బెజ్జాన్ని మూయడానికి మనుషులు పడ్డ పాట్ల చరిత్ర.

ఆ పాట్లలో నాకు అన్నిటికంటే అందమైనది మాకింటాష్ కంటే చాలా ముందుది. ఉత్తర పసిఫిక్ దీవుల్లో అల్యూట్ జనం సీల్, సీ లయన్ పేగులను శుభ్రం చేసి, ఉబ్బించి ఆరబెట్టి, పట్టీలుగా కోసి చొక్కాలు కుట్టేవారు. పడవలో కూర్చున్నవాడికి సముద్రమే మీద పడుతుంది మరి. కుట్టడానికి వాడేది జంతువుల నరాల దారం. తడి తగిలితే ఆ దారం ఉబ్బుతుంది, ఉబ్బి తన బెజ్జాన్ని తనే మూసుకుంటుంది. కుట్టు కారకుండా ఆపేది కుట్టే. ఆ చొక్కాను రష్యన్లు కమ్లైకా అన్నారు. ఒరిజినల్ మౌంటెన్ మారథాన్ పేరుతోనే బట్టలు చేసే ఓఎంఎం కంపెనీ తన సాగే వానప్యాంటుకు ఈ పేరే పెట్టుకుంది. వ్యాపారం పేర్లలో ఇంత బుద్ధిగా పెట్టినది తక్కువ.

నైలాన్ దారం ఉబ్బదు. అందుకని టేపు. కుట్టిన కుట్టు మీద, లోపలివైపు, జిగురున్న సన్నపు పట్టీని వేడిగాలి ఊదే యంత్రం కిందికి నడిపిస్తారు. జిగురు కరిగీ కరగగానే రెండు రోలర్లు నొక్కేస్తాయి. వేడి తగ్గితే అంటదు, పెరిగితే గుడ్డ ముడుచుకుపోతుంది. 10 డెనియర్ గుడ్డకు ఈ రెండింటి మధ్యా ఉన్న జాగా చాలా ఇరుకు. చెయ్యి ఒకే వేగంతో నడవాలి. మలుపు దగ్గర కూడా.

ఇంట్లో పాత ప్యాంటు ఒకటుంది. ఎవరు చేశారో అనవసరం. దాని టేపు వెడల్పు రెండు సెంటీమీటర్ల పైనే. ఇప్పటిదానిది ఎనిమిది మిల్లీమీటర్లు. బరువు తగ్గించడానికి అలా చేశారని కరపత్రంలో ఉంటుంది. నిజమే, కాని నాకు ఆ సన్నదనంలో వేరే సంగతి కనిపిస్తుంది. వెడల్పు టేపు కింద కుట్టు అటూ ఇటూ వంకరపోయినా ఎవరికీ తెలియదు. ఎనిమిది మిల్లీమీటర్ల టేపు కింద తెలిసిపోతుంది. గీత గీసినట్టు కుట్టాలి, కుట్టు పక్కన మిగిలిన గుడ్డను మూడు నాలుగు మిల్లీమీటర్లకు కత్తిరించాలి, టేపు సరిగ్గా దాని నడినెత్తిన కూర్చోవాలి. నా ప్యాంటును కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. నడుము నుంచి మడమ దాకా కుట్టుకు రెండువైపులా టేపు సమంగా ఉంది. ఎవరో ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో, షిఫ్టు ఎన్నో గంటలో ఉండి, ఇలా నడిపించారు. ఆ మనిషి పేరు చీటీ మీద లేదు. మా ఊళ్ళో చీర మీదా నేసినవాడి పేరుండదులెండి.

నాన్న అడిగిన ప్రశ్న ఇక్కడ చెప్పాలి. “తిప్పు, లోపల చూపీ” అన్నాడు. టేపు చూశాడు. “కుట్టేసి మళ్లా దాని మింద బందోబస్తా? ఎట్లా జిగురుందిగదా, కుట్టకుండా అతికిస్తే పోలా?” అలా అతికించేవాళ్ళూ ఉన్నారు. కాని గొంతుక్కూర్చుని లేచినప్పుడు పడే లాగుడంతా జిగురు మీదే పడితే అది కొన్నాళ్ళకు విడుతుంది. కుట్టు లాగుడును మోస్తుంది, టేపు నీళ్ళను ఆపుతుంది. ఒకరి పని మరొకరు చేయబోరు. ఇదే చెప్పాను. “అట్లయితే సరే” అన్నాడు. మా ఇంట్లో అది పెద్ద మెప్పు.

ఇక ఆవిడ గోరు ఆగిన చోటు. మామూలు ప్యాంటులో ముందు కుట్టు, వెనక కుట్టు, రెండు కాళ్ళ లోపలి కుట్లు, నాలుగూ వచ్చి ఒకేచోట కలుస్తాయి. ఆ చౌరస్తాలో ఎనిమిది పొరల గుడ్డ ఒక గుబ్బలా లేస్తుంది. దాని మీద టేపు చదునుగా పడుకోదు, వంతెనలా నిలబడుతుంది. ఆ వంతెన కిందుగా నీళ్ళు దారి చేసుకుంటాయి. నా పాత ప్యాంటు నన్ను ముంచింది అక్కడే. తడిగడ్డి వాలులో జారి కూర్చుండిపోయాను, లేచేసరికి చల్లటి కబురు అందింది. ఎక్కడ అందిందో చెప్పనక్కర్లేదు.

కొత్తదానిలో ఆ చౌరస్తాయే లేదు. ఒక మోకాలి లోపలివైపు మొదలై, పైకెక్కి, కాళ్ళ సందు దాటి, రెండో మోకాలి లోపలివైపు దిగే ఒకే పొడవాటి ముక్క వేశారు. మధ్యలో వెడల్పు, చివరలు పడవ మొనల్లా సన్నం. దాంతో నాలుగు దారుల కూడలి పోయి, ముందొకటీ వెనకొకటీ మూడు దారుల కూడళ్ళు రెండు మిగిలాయి. రెండూ కూర్చునే చోటికి, రాసుకునే చోటికి ఎడంగా జరిగాయి. ఒక్కోదాని మీద రూపాయి బిళ్ళంత గుండ్రటి అతుకు. అదే ముక్క వల్ల కాలు బార్లా సాచి గోడ దాటినా గుడ్డ పట్టేయదు. వానకోసం కత్తిరించినది నడకకూ పనికొచ్చింది. మోకాలి దగ్గర రెండు చిన్న మడతలు వేసి కాలిని ముందే కాస్త వంచి కుట్టారు. హ్యాంగరుకు తగిలిస్తే ఎవరో గోడకుర్చీ వేసినట్టుంటుంది. కొట్లో అందుకే అందంగా కనిపించదు. పరిగెత్తే కాలు ఎప్పుడూ తిన్నగా ఉండదు గనుక ఒంటి మీద సరిపోతుంది.

కొన్నాక నేను చేసే పరీక్ష ఒకటుంది. భార్య నవ్వుతుంది, నవ్వనీ. బకెట్లో ఐసు నీళ్ళు పోసి రెండు నిమిషాలు చేతులు ముంచుతాను. తర్వాత పెరట్లో, ఒంటికాలి మీద, బురద బూట్లు విప్పకుండా ప్యాంటు తొడుగుతాను. చాలా ప్యాంట్లు ఇక్కడే ఓడిపోతాయి. కాలి అంచు దగ్గరి జిప్ మరీ పొట్టిదైతే బూటు అడుగున ఉండే రబ్బరు మేకులు గుడ్డలో ఇరుక్కుంటాయి. నడుము దాకా ఉంటే బరువు, పైగా అంత పొడవునా నీటికి తలుపు తెరిచినట్టే. నాదానికి జానెడు మీద నాలుగు వేళ్ళుంది. మేకుల బూటు పట్టడానికి అది చాలు. పక్కకు కాకుండా కాస్త వెనక్కి జరిపి పెట్టారు కనుక రెండో మడమ దానికి రాసుకోదు. వెనక త్రికోణపు గుడ్డ కప్పారు, దాని కుట్టుకూ టేపు ఉంది. జిప్ లాగే చోట చిటికెనవేలంత తాడు ముడేశారు. చలికి వేళ్ళు కర్రముక్కలైనప్పుడు ఆ తాడును పళ్ళతో పట్టుకున్నా లాగొచ్చు. లాగాను కూడా.

నడుముకు వట్టి ఎలాస్టిక్ చాలదు. తడిసి బరువెక్కిన ప్యాంటు పది అడుగులకోసారి జారుతుంది. బొందు కావాలి. అది లోపల కాదు, బయటికి రావాలి, తొడుగు వేసుకున్న చేతికి దొరకాలి. నాదాని బొందు లోపలే ఉంది. ఇంత ఆలోచించిన మనిషి ఇక్కడెందుకు నిద్రపోయాడో తెలియదు. నేనే బెజ్జం చేసి బయటికి తీసుకున్నాను, బెజ్జం చుట్టూ కాజా కుట్టాను. బెజ్జాలు మూయడం గురించి ఇంత చెప్పి నేనే ఒకటి పొడిచానన్నమాట. నడుము మీద జాకెట్టు పడుతుంది కనుక చెల్లిపోయింది. కాలి అంచు వదులుగా ఉంటే దిగుడులో రెండో బూటు దాన్ని తొక్కుతుంది. దిగుడులో తొక్కితే ఎక్కడ తేలతామో దేవుడికే తెలుసు. సన్నటి ఎలాస్టిక్ చాలు. జేబు అక్కర్లేదు. మెరిసే అక్షరాలతో కంపెనీ పేరు అసలే అక్కర్లేదు.

ఇవి ఎక్కువగా 100 పౌండ్లకు అటూ ఇటూ ఉంటాయి. ఆ డబ్బుకు కొట్లో ఎవరూ లోపలివైపు తిప్పి చూపించరు. మనమే తిప్పాలి. గుడ్డ గురించి చెప్పేవి ఎక్కువగా అన్నిటికీ ఒకటే. పెర్టెక్స్ అనే పేరు మీకు చాలా చీటీల మీద కనిపిస్తుంది. అది పుట్టింది నేనుండే లాంకషైర్‌లోనే, పాడిహమ్ ఊరి మిల్లులో. ఇప్పుడు జపాన్ కంపెనీది. మన దేశపు మగ్గాలను ఒకప్పుడు మూలన పడేసిన లాంకషైర్ మిల్లుల్లో చివరికి మిగిలిన మంచిపేర్లలో ఒకదాన్ని ధర్మవరం నేతగాడి కొడుకు గోటితో గీకి చూస్తున్నాడు. దీనికి ఏమనుకోవాలో నాకు తోచదు. గుడ్డ మాత్రం బాగుంది.

మొన్న ఉతికి, లోపలికి తిరగేసి ఆరేశాను. సాఫ్ట్‌నర్ వేయకూడదు, పూత చచ్చిపోతుంది. ఆరాక వేలు పెట్టి చూస్తే వెనక కూడలి దగ్గర టేపు ఒక మూల కందిగింజంత లేచింది. నాలుగేళ్ళ వాడకం. పైన బేకింగ్ కాగితం పరిచి, ఇస్త్రీపెట్టెను అన్నిటికంటే తక్కువ వేడిలో ఉంచి, ఐదు లెక్కపెట్టి తీశాను. చల్లారాక గోటితో గీశాను. పట్టింది. రేసు శనివారం. గోరు ఆగేది సరిగ్గా అక్కడే అని తెలుసు కనుక ఇంకోసారి, ఈసారి ఏడు లెక్కపెట్టి, నొక్కాను.